గినీ కోడి పిల్లల పెంపకం, మచ్చిక: తరచుగా అడిగే ప్రశ్నలు

గినీ కోళ్లు పెంచుదామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అసలివి మచ్చికవుతాయా?" అవుతాయి. కాకపోతే దానికో గడువుంది. పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచి మొదటి ఆరు వారాల్లో మనం దాని దగ్గర ఎంతసేపు గడిపామన్నదాన్ని బట్టే అది పెద్దయ్యాక మన పిలుపుకు వస్తుందా, మనల్ని చూడగానే చెట్టెక్కి కూర్చుంటుందా అన్నది తేలుతుంది. అందుకే ఇక్కడ చాలా ప్రశ్నలు ఆ ఆరు వారాల చుట్టూనే ఉంటాయి.

ఇవీ మామూలు కోడిపిల్లల్లాంటివే కదా? తేడా ఏముంది?

చూడ్డానికి కొంచెం అలాగే ఉంటాయి. గోధుమరంగు నూగు, దాని మీద ముదురు చారలు, నారింజరంగు ముక్కు, కాళ్లు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. తేడా అంతా స్వభావంలో ఉంది. కోడిపిల్ల బెదిరితే పక్కకు పరిగెడుతుంది. గినీ పిల్ల బెదిరితే నిట్టనిలువుగా ఎగురుతుంది, దాన్ని చూసి మిగతావన్నీ ఎగురుతాయి. వీటి పుట్టిల్లు ఆఫ్రికా గడ్డిమైదానాలు. అక్కడ గుంపులోంచి తప్పిపోయిన పిల్ల ఏదో ఒక జంతువు నోట పడాల్సిందే. ఆ భయం మనుషుల దగ్గర తరతరాలుగా పెరిగినా పోలేదు. అది పొగరు కాదు, మొండితనం కాదు, ప్రాణభయం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే వాటి మీద మనకు విసుగు రాదు.

ఇంకో తేడా, రెక్కల ఈకలు చాలా తొందరగా వస్తాయి. రెండు వారాలకే వాటిని ఉంచిన పెట్టె అంచు ఎక్కేస్తాయి. మొదటి రోజు నుంచే పైన వల మూత ఉంచండి.

గుడ్లు పొదిగించుకోవడం మేలా, పిల్లల్ని తెచ్చుకోవడం మేలా?

మచ్చిక కోసమైతే ఎంత చిన్న వయసులో మీ చేతికొస్తే అంత మంచిది. గినీ గుడ్లు పొదగడానికి 26 నుంచి 28 రోజులు పడుతుంది. కోడిగుడ్డుకు 21 రోజులే కాబట్టి, రెండూ ఒకే ఇంక్యుబేటర్లో పెట్టేవాళ్లు గినీ గుడ్లు పెట్టిన వారానికి కోడిగుడ్లు పెడతారు. పిల్ల బయటికొచ్చాక నూగు పూర్తిగా ఆరేదాకా అందులోనే ఉంచండి. కడుపులో మిగిలిన పచ్చసొనే దానికి మొదటి మేత. తొలిరోజు ఆకలికి చచ్చిపోతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు.

కొని తెచ్చుకునేటట్టయితే ఒకటి రెండు రోజుల వయసువి తీసుకోండి. నెల దాటిన పిల్లలు చవగ్గా వస్తున్నాయని తెచ్చుకుంటే బతికే అవకాశం ఎక్కువే, కానీ మచ్చికకు చాలా ఓపిక కావాలి.

ఒక్క పిల్లనే పెంచొచ్చా?

వద్దు. గుంపు లేకపోతే గినీ పిల్ల రోజంతా అరుస్తూనే ఉంటుంది, మేత కూడా సరిగ్గా తినదు. కనీసం ఆరేడు ఉండాలి. ఏ కారణం వల్లో ఒక్కటే మిగిలితే, తోడు దొరికేదాకా పెట్టెలో ఓ చిన్న అద్దం పెట్టండి. కొంత ఊరట.

వేడి ఎంత ఉండాలి?

మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ, బయటి వాతావరణంతో సమానమయ్యేదాకా తేవాలి. థర్మామీటరును గోడకు తగిలించొద్దు, పిల్ల వీపు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పెట్టండి.

అయితే థర్మామీటరు కన్నా నేను పిల్లల్నే ఎక్కువ నమ్ముతాను. వేడి కోసం పెట్టిన దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గట్టిగా కీచుమంటుంటే చలేస్తోందని అర్థం. దీపానికి దూరంగా అంచులకు చేరి, నోళ్లు తెరిచి, రెక్కలు వేలాడేస్తే వేడి ఎక్కువైంది. అక్కడక్కడా పడుకుని సన్నగా కిచకిచలాడుతుంటే సరిగ్గా ఉన్నట్టే. రాత్రి పడుకునే ముందు ఓసారి, తెల్లవారుజామున ఓసారి వెళ్లి ఆ చప్పుడు వినండి. వారం తిరిగేసరికి పక్కగది నుంచి విన్నా వాటి పరిస్థితి తెలిసిపోతుంది.

పెట్టెకు మూలలు ఉండకూడదు. భయపడ్డప్పుడు అన్నీ ఒకే మూలకు చేరి, అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. గుండ్రంగా చిక్ గార్డ్ (పిల్లల చుట్టూ కట్టే రేకు లేదా అట్ట కంచె) కట్టండి, లేదా మూలల్లో అట్టముక్కలు వంచి పెట్టండి. వేడి దీపాన్ని ఒక్క తాడుతో వేలాడదీయొద్దు. గొలుసుతో కట్టి, అది తెగినా పట్టుకునేలా రెండో కట్టు కూడా వేయండి. ఊక మీద దీపం పడితే నిప్పంటుకుంటుంది.

కింద ఏం పరవాలి? పాత న్యూస్‌పేపర్లు సరిపోతాయా?

పేపరు మాత్రం వద్దు. దాని మీద కాళ్లు జారతాయి. నా మొదటి బ్యాచ్‌లో ఆ పొరపాటు చేశాను. మూడో రోజు పొద్దున చూస్తే ఒక పిల్ల కప్పలా రెండు కాళ్లూ చెరో పక్కకు చాపి, కడుపు నేలకానించి ఈదుకుంటూ నీళ్ల దగ్గరికి పోతోంది. ఎముక విరిగిందనుకున్నాను. విరగలేదు. పట్టు దొరక్క కాళ్లు విచ్చుకుపోయాయంతే.

గాయాలకు అంటించే పట్టీని సన్నగా కత్తిరించి, రెండు కాళ్లకూ మధ్యలో మామూలుగా నిలబడేంత ఎడం ఉంచి, సంకెల వేసినట్టు అంటించాను. మొదటి రోజు నాలుగడుగులేసి పడిపోయింది, లేచింది, మళ్లీ పడింది. నీళ్లూ మేతా ముక్కు దగ్గరికే పెట్టాను. రెండో రోజుకి నిలబడింది. నాలుగో రోజు పట్టీ తీసేస్తే మిగతావాటితో కలిసి పరిగెత్తింది. ఇది మొదటి రెండు మూడు రోజుల్లోనే పనిచేస్తుంది, ఆలస్యమైతే కాళ్లు అలాగే బిగుసుకుపోతాయి.

మొదటి వారం గోనెపట్టా ముక్క గానీ, గరుకుగా ఉండే పాత గుడ్డ గానీ పరవండి. దారాలు ఊడొచ్చే గుడ్డయితే కాలివేళ్లకు చుట్టుకుంటాయి, చూసుకోండి. మేత ఏదో, కాదేదో తెలిశాక ఊక వేయొచ్చు. తడిసినచోట వెంటనే తీసేసి పొడిది వేయాలి.

నీళ్లు ఎలా పెట్టాలి?

లోతు లేకుండా. గినీ పిల్ల నీళ్లలో ముక్కు పెట్టినట్టే పెట్టి అందులోనే పడిపోతుంది, తడిస్తే లేవలేదు. అంగుళం లోతు కూడా లేని పళ్లెంలో ఒక పిల్లను పోగొట్టుకున్నాను. అప్పటినుంచీ పళ్లెం నిండా గోలీకాయంత గులకరాళ్లు పేర్చి, రాళ్ల సందుల్లో మాత్రమే నీళ్లుండేలా పోస్తున్నాను. మొదటి వారం చల్లటి నీళ్లు కాకుండా గోరువెచ్చటివి పెట్టండి. తెచ్చిన రోజు ఒక్కో పిల్లను పట్టుకుని ముక్కు కొనను నీళ్లకు తాకిస్తే, అది మింగి తల పైకెత్తుతుంది. అలా ప్రతిదానికీ ఒక్కసారి చూపిస్తే చాలు.

మామూలు కోడిపిల్లల దాణా పెట్టొచ్చా?

అది చాలదు. గినీ పిల్లలకు మొదటి నాలుగైదు వారాలు 24 నుంచి 26 శాతం ప్రోటీన్ కావాలి. టర్కీ కోడి పిల్లలకు తొలి వారాల్లో పెట్టే స్టార్టర్ దాణా వీటికి సరిగ్గా సరిపోతుంది. అది దొరక్కపోతే, ప్రోటీన్ ఎక్కువున్న కోడిపిల్లల స్టార్టర్ తీసుకుని, రోజూ ఉడికించిన గుడ్డు మెత్తగా చిదిమి కొంచెం కలపండి. గుడ్డు మిగిలితే గంటలోపు తీసేయాలి, పులిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా 18 నుంచి 20 శాతం ప్రోటీన్, ఆ తర్వాత 16 శాతం సరిపోతుంది.

గుడ్లు పెట్టే కోళ్ల దాణా మాత్రం పిల్లలకు పెట్టకండి. అందులో ఎక్కువగా ఉండే కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆకుకూర, గింజలు పెట్టడం మొదలుపెట్టాక సన్నటి ఇసుక కూడా ఓ చిన్న మూతలో పెట్టాలి. పళ్లు లేని పక్షికి కడుపులో తిరగలి ఆ ఇసుకే.

మచ్చిక చేయడం ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి?

ముందుగా, మచ్చిక అంటే ఏమిటో అనుకుందాం. ఒళ్లో కూర్చోబెట్టుకుని నిమిరే పక్షి కావాలనుకుంటే గినీ కోడి మీకు నచ్చకపోవచ్చు. కొన్ని అలా అవుతాయి, అన్నీ కావు. నా లెక్కలో మచ్చికంటే మూడు: పిలిస్తే రావాలి, సాయంత్రం గూటికి చేరాలి, అవసరమైనప్పుడు పట్టుకుంటే ప్రాణం పోయేలా గింజుకోకూడదు.

నీళ్లు చూపించడానికి తప్ప మొదటి రెండు రోజులు చేత్తో ముట్టుకోకండి. పెట్టె పక్కన కూర్చుని మాట్లాడండి చాలు. మీ గొంతు అలవాటవ్వాలి. వీలైతే పెట్టెను నేలమీద కాకుండా బల్ల మీద పెట్టండి, ఒక పక్కన తెరిచే తలుపు ఉంచండి. పైనుంచి వచ్చే చెయ్యి వాటికి గద్దే. అదే చెయ్యి పక్కనుంచి, నేలకు ఆనించి వస్తే అంత భయపడవు. వీటి విషయంలో నేను నేర్చుకున్నవాటిల్లో దీనికన్నా పనికొచ్చింది ఇంకోటి లేదు.

మూడో రోజు నుంచి అరచేతిలో కొంచెం దాణా వేసుకుని, చెయ్యి నేలమీద వెల్లకిలా పెట్టి కదలకుండా ఉంచండి. ఐదు నిమిషాలు ఏమీ జరగదు. చెయ్యి తిమ్మిరెక్కుతుంది. తర్వాత అన్నిటికన్నా ధైర్యమున్న పిల్ల ఒకటి మెడ సాగదీసి, వేలికొనను ఒక్క పోటు పొడిచి వెనక్కి దూకుతుంది. అప్పుడు చెయ్యి లాక్కోకండి. రెండోసారి అది గింజను తీసుకుంటుంది. అది తినడం చూసి రెండోది వస్తుంది. పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే, వారం తిరిగేలోపు చేతి మీదకెక్కి తింటాయి. మణికట్టు మీద వాటి గోళ్లు సన్నగా గీరుకుంటున్నప్పుడు చెయ్యి ఒక్క అంగుళం పైకెత్తి, మళ్లీ దించండి. తర్వాత రెండంగుళాలు. అంతే, తొందరొద్దు.

మేత పెట్టే ప్రతిసారీ ముందుగా ఒకే శబ్దం చేయండి. ఈల కావచ్చు, డబ్బా మీద తట్టడం కావచ్చు, "దా దా దా" అని పిలవడం కావచ్చు. ఏదైనా సరే, ఒకసారి ఎంచుకున్నాక మార్చకండి. ఇంకో చిన్న కిటుకు: వరిగలనే చిరుధాన్యమంటే వీటికి పిచ్చి ఇష్టం. వాటిని మామూలు మేతలో కలపకండి, పిలుపుకు వచ్చినప్పుడు మాత్రమే చేతిలోంచి పెట్టండి. బయటికి వదిలాక వీటిని గూటికి రప్పించేది ఆ గుప్పెడు వరిగలే.

నా రెండో బ్యాచ్‌లో రెక్క మీద తెల్లమచ్చ ఉన్న పిల్ల ఒకటి, అన్నీ తిని వెళ్లిపోయాక కూడా చేతిలోనే ఉండిపోయేది. వేళ్లు కొంచెం ముడిచి గూడులా చేస్తే, మెడ లోపలికి కుదించుకుని, కింది రెప్ప మెల్లగా పైకి లేపి కళ్లు మూసేది. గుండె కొట్టుకోవడం వేళ్లకు తెలిసేది, చాలా వేగంగా. నిద్ర పట్టాక కొంచెం నెమ్మదించేది. అది లేచేదాకా నేను కదిలేదాన్ని కాదు.

నేను వెళ్తే చాలు, గగ్గోలు పెట్టి పారిపోతున్నాయి. ఎక్కడ తప్పు జరిగింది?

ఎప్పుడో ఒకసారి వాటిని తరిమి పట్టుకుని ఉంటారు. లేదా వయసొచ్చాక తెచ్చుకుని ఉంటారు. దారి ఒకటే, మళ్లీ మొదటి మెట్టు నుంచి రావడం. వాటి ఆవరణలో ఓ మూల చిన్న పీట వేసుకుని, వాటి వైపు చూడకుండా కూర్చోండి. కాళ్ల దగ్గర వరిగలు చల్లండి. తేరిపార చూస్తే వేటాడే జంతువు చూసినట్టే వాటికి. రోజూ అదే వేళకు, వీలైతే అలాంటి బట్టలతోనే వెళ్లండి. కొత్తగా కనిపించే దేన్నైనా ఇవి ఇట్టే పసిగడతాయి. ఓ రోజు నేను తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్తే, అంతకుముందు రోజు నా చేతిలో తిన్న పిల్లలే గోడకు అతుక్కుపోయాయి. తువ్వాలు తీసి పక్కన పెట్టి పిలిస్తే, గొంతు గుర్తుపట్టి ఒక్కొక్కటే వచ్చాయి.

ఎలా పట్టుకోవాలి?

కాళ్లు పట్టుకుని ఎత్తొద్దు, ఎప్పుడూ. గినీ కోడి కాళ్లు సుకుమారం, గింజుకుంటే కీలు తప్పుతుంది. రెండు రెక్కలూ ఒంటికి ఆనేలా రెండు చేతులతో చుట్టి, ఛాతీ కింద చెయ్యి ఆసరా ఇచ్చి ఎత్తాలి. పెద్దవాటిని పట్టుకోవాల్సొస్తే రాత్రి, కర్ర మీద వాలి ఉన్నప్పుడు పట్టుకోండి. చీకట్లో వాటికి సరిగ్గా కనబడదు కాబట్టి కదలవు.

తల్లి దగ్గరే వదిలేస్తే అదే పెంచుకుంటుంది కదా?

గినీ పెట్ట గుడ్ల మీద బాగానే కూర్చుంటుంది, ముళ్లకంపల మధ్య వాన వచ్చినా లేవదు. పిల్లలు పుట్టాకే కష్టం. తెల్లవారగానే మంచుతో తడిసిన గడ్డిలో వాటిని వేసుకుని తిరుగుతుంది. దాని నడకను అందుకోలేక, ఒళ్లు తడిసి, చలికి పిల్లలు దారిలోనే పడిపోతాయి. మొదటి రెండు వారాలు తడే వీటికి పెద్ద శత్రువు. తల్లీపిల్లల్ని కలిపే ఉంచాలనుకుంటే, ఆ రెండు మూడు వారాలు పొడి నేల ఉన్న గదిలో మూసి ఉంచండి.

దానికన్నా మంచి ఉపాయం ఉంది. పొదుగుకొచ్చిన మామూలు కోడిపెట్ట కింద గినీ గుడ్లు పెట్టండి. కోడిపెట్ట నెమ్మదిగా నడుస్తుంది, పిల్లల్ని రెక్కల కింద కప్పుకుంటుంది, సాయంత్రం కాగానే గూటికి తెస్తుంది. దాని వెనక పెరిగిన గినీ కోళ్లు గూటికి రావడం దాన్ని చూసే నేర్చుకుంటాయి. మీరంటే ఆ పెట్టకు భయం లేకపోతే పిల్లలకూ ఉండదు. ఒక్క జాగ్రత్త: కోళ్లలో పైకి కనపడకుండా ఉండే కొన్ని పురుగులు, రోగాలు గినీ పిల్లలకు అంటుకుంటాయి. పెట్టకు ముందే నట్టల మందు తాగించి, శుభ్రమైన నేల మీద ఉంచండి.

ఏ జబ్బులు చూసుకోవాలి?

మొదటి వారంలో రెట్ట వెనక అంటుకుని గట్టిపడి దారి మూసుకుపోవచ్చు. గోరువెచ్చటి నీళ్లతో తడిపి మెల్లగా తుడవండి, లాగొద్దు. ఒళ్లు ఆరాకే గుంపులో వదలండి.

మూడు వారాలు దాటాక రెట్టలో రక్తం కనిపించినా, పిల్ల ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకుని నిలబడినా కాక్సిడియోసిస్ (పేగులకు పట్టే పరాన్నజీవుల జబ్బు) అని అనుమానించాలి. తడి ఊకలో ఇది తొందరగా పాకుతుంది. ఆ రోజే పశువుల డాక్టరుకు రెట్ట చూపించండి. కోళ్లకు వాడే మందు ఇంట్లో ఉంది కదా అని సొంతంగా పోయకండి. దాణాలో ముందే మందు కలిపి ఉంటే ఆ పేరు డాక్టరుకు చెప్పి, గినీ పిల్లలకు పడుతుందో లేదో అడగండి. కోళ్లు తట్టుకునే మందులన్నీ వీటికి పడవు.

బయటికి ఎప్పుడు వదలాలి?

చాలామంది పక్షుల్ని పోగొట్టుకునేది ఇక్కడే. ఈకలొచ్చాయి కదా అని ఆరో వారంలో తలుపు తీస్తారు. గుంపు మొత్తం వెళ్లిపోతుంది, రాత్రికి ఎక్కడో చెట్టు మీద ఉంటుంది, తర్వాత రోజుకో పక్షి తగ్గుతూ వస్తుంది.

ఆరు వారాలకు బ్రూడర్ (వేడి దీపం ఉన్న ఆ పెట్టె) నుంచి పెద్ద గూటికి మార్చండి. అక్కడ ఇంకో ఆరు వారాలు మూసే ఉంచండి. వల గోడలోంచి చుట్టుపక్కలంతా చూస్తూ ఉండాలి, రోజూ మీ పిలుపు వింటూ ఉండాలి. ఆ తర్వాత ఓ సాయంత్రం, మేతవేళకు గంట ముందు, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు రెండింటిని మాత్రమే వదలండి. అవి దూరం పోవు. లోపలున్నవి పిలుస్తాయి, ఇవి వల చుట్టూ తిరుగుతూ బదులిస్తాయి. గంటయ్యాక మీ పిలుపు పిలిచి, వరిగలు చూపించి లోపలికి తీసుకోండి. మర్నాడు వేరే రెండు. తర్వాత నాలుగు. ఇలా పది పదిహేను రోజులు పడుతుంది. మొత్తం గుంపును వదిలేది అన్నిటికన్నా చివర్న.

చీకటి పడ్డా గూట్లోకి రావట్లేదు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

లోపల చీకటిగా ఉందేమో చూడండి. చీకటి గూట్లో అడుగు పెట్టడానికి గినీ కోడి భయపడుతుంది. పొద్దుగూకే ముందే లోపల చిన్న లైటు వేసి, అన్నీ కర్రల మీదకెక్కాక ఆర్పేయండి. వాలే కర్రలు ఎత్తులో ఉండాలి, గుమ్మం వెడల్పుగా ఉండాలి. నా దగ్గర వారం రోజులు ఏడిపించిన గుంపు, లైటు పెట్టిన మొదటి సాయంత్రమే వరసగా లోపలికెళ్లింది.

పెట్ట ఏదో, పుంజు ఏదో ఎలా తెలుస్తుంది?

అరుపు వినండి. రెండు ముక్కలుగా, రెండోది పైకి సాగదీసి అరిచేది పెట్ట మాత్రమే. పుంజు ఒకే ముక్కను గబగబా అరుస్తుంది. కంగారు పడ్డప్పుడు పెట్ట కూడా పుంజులాగే ఒక్క ముక్కే అరుస్తుంది కాబట్టి ప్రశాంతంగా ఉన్నప్పుడు వినాలి. ఎనిమిది వారాలప్పటి నుంచి ఈ తేడా వినపడుతుంది. మూడు నాలుగు నెలలకు పుంజు ముక్కు కింద వేలాడే లోలకులు పెద్దవై, దొప్పల్లా ముడుచుకుంటాయి. నెత్తి మీది కొమ్ము కూడా పుంజుకే కాస్త పెద్దది.

రెక్కలు కత్తిరించాలా?

గూటికి రావడం నేర్పితే అక్కర్లేదు. బయట తిరిగే పక్షికి ఎగరడమే కుక్క నుంచీ ముంగిస నుంచీ కాపుదల. తప్పనిసరైతే ఒక్క రెక్కకే, పొడుగు ఈకల కొనలు మాత్రమే కత్తిరించండి. కొత్తగా వస్తూ, కాడలో రక్తం ఉన్న ఈకను ముట్టుకోవద్దు.

ఇంట్లో పిల్లలు వీటిని ఎత్తుకోవచ్చా?

ఎత్తుకోవచ్చు. నేలమీద కూర్చుని, పెద్దవాళ్లు పక్కనుండగా. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే చక్కగా ఉన్న గినీ పిల్లల రెట్టలో కూడా సాల్మొనెల్లా (మనుషులకు విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) ఉండొచ్చు. ముఖానికి ఆనించుకోవడం, ముద్దులు పెట్టడం వద్దు.

పెద్దయ్యాక ఈ మచ్చిక నిలుస్తుందా?

పిలుపూ వరిగలూ మానకపోతే నిలుస్తుంది. గుడ్ల కాలంలో కొంచెం దూరమవుతాయి. పుంజులు ఒకదాన్నొకటి తరుముకుంటాయి, పెట్టలు గడ్డిలో చాటుగా ఓ గూడు చూసుకుని అన్నీ కలిసి అందులోనే గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో చేతికి రాకపోయినా బెంగపడకండి. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే పక్షి ఇది. నా తెల్లమచ్చ పెట్ట ఇప్పుడు చేతిలో పట్టదు. సాయంత్రం వరిగల డబ్బా తట్టగానే గుంపును దాటుకుని ముందొస్తుంది, తినడం అయ్యాక నా చెప్పు మీద ఒక కాలు పెట్టి కాసేపు నిలబడుతుంది.